గట్టుమీది చుక్కాని

"దిగితేగాని లోతు తెలియదు" అని మనలో ఒక సామెత ఉన్నది. ఏటికీ చెరువుకూ సంబంధించినంతవరకు ఆ మాట నిజమే. సముద్రం విషయంలో మాత్రం దిగి చూడటం సాధ్యం కాదు. కాబట్టి మానవుడు తాడు చివర సీసపు గుండు కట్టి, ఓడ అంచునుండి జారవిడిచి, అది అడుగును తాకేవరకు ఎంత తాడు పోయిందో కొలిచి, లోతు ఇంత అని నిర్ణయించేవాడు. వేల సంవత్సరాలపాటు ఇదే పద్ధతి సాగింది. ఇరవయ్యవ శతాబ్దంలో తాడుకు బదులు ధ్వని వచ్చింది. ఓడ అడుగునుండి వదలిన శబ్దం సముద్రతలాన్ని తాకి ప్రతిధ్వనిగా తిరిగి రావటానికి పట్టిన కాలాన్నిబట్టి లోతును లెక్కకట్టసాగారు. సాధనం మారినా ఒక నియమం మాత్రం మారలేదు. ఎక్కడి లోతు తెలుసుకోదలచామో అక్కడికి మనిషి స్వయంగా వెళ్లవలసిందే.

ఆ నియమానికి ఎంత మూల్యం చెల్లించవలసి వచ్చిందో ఒక ఉదాహరణ చెబుతాను. 1952లో జపాను దేశానికి దక్షిణాన, మ్యోజిన్‌షో అనే చోట, సముద్రగర్భంలోని అగ్నిపర్వతం ఒకటి మేలుకొన్నది. దానిని పరిశీలించి రమ్మని జపాను ప్రభుత్వపు జలమాపక శాఖ ఐదవ కైయోమారు అనే ఓడను పంపింది. సెప్టెంబరు 24వ తేదీన ఆ ఓడ విస్ఫోటనంలో చిక్కి నాశనమైపోయింది. అందులోని 31 మందిలో ఒక్కరైనా తిరిగి రాలేదు. వారిలో తొమ్మిదిమంది శాస్త్రజ్ఞులు. కొలవటానికి వెళ్లినవారు ఆ లోతులోనే ఉండిపోయారు.

మనిషి పోకుండా పని జరిగే ఉపాయం లేదా? నావ అక్కడ, నావికుడు ఇక్కడ ఉండి, చుక్కాని మాత్రం నావికుని చేతిలోనే ఉండేటట్లు చేయలేమా? చేయవచ్చునని నేడు ఋజువైంది. సిబ్బంది ఎవరూ లేని సర్వేక్షణ నావలను, సముద్రగర్భంలో తిరిగే రోబోట్లను, తీరం మీద ఒక గదిలో కూర్చున్నవారు వేల మైళ్ల దూరంనుండి నడుపుతున్నారు. ఇది ఎట్లా సాధ్యమైందో, దీనివల్ల మనకు తీరే కష్టమేదో, కొత్తగా తలకెత్తుకొనే బాధ్యత ఏదో ఈ ప్రసంగంలో ఆలోచిద్దాము.

ఈ ఆలోచనకు పుట్టినిల్లు రేడియో అని చెప్పుకోవటం మావంటివారికి కొంత గర్వకారణం. రేడియోద్వారా మాటలు, పాటలు వినవచ్చునన్న సంగతి లోకానికి ఇంకా తెలియని రోజులలోనే, 1898లో, నికొలా టెస్లా న్యూయార్కు నగరంలోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక చిన్న పడవను నీటి తొట్టిలో నడిపి చూపించాడు. పడవకూ ఆయనకూ మధ్య తీగ లేదు, తాడు లేదు. ఆయన మీట నొక్కితే పడవ కుడికో ఎడమకో తిరిగేది, దాని దీపాలు వెలిగి ఆరేవి. ఆ సంవత్సరం నవంబరు 8వ తేదీన ఆయనకు దానిపై పేటెంటు హక్కు కూడా లభించింది. చూచినవారికి అది ఇంద్రజాలంగా తోచినా, అందులో ఉన్నదల్లా ఒక్కటే: ఆజ్ఞను విద్యుదయస్కాంత తరంగాలమీద పంపటం.

ఐతే రేడియోకు సముద్రంలో ఒక హద్దు ఉన్నది. ఉప్పునీరు రేడియో తరంగాలను త్వరలోనే మింగివేస్తుంది. అలలమీద తేలే నావకు చేరిన ఆజ్ఞ, అలలక్రింద తిరిగే యంత్రానికి చేరదు. అందుచేత లోతులో పనిచేసే రోబోటుకు పైనుండి పొడవైన కేబులు ఒకటి కట్టి, ఆ కేబులుద్వారానే విద్యుత్తును, ఆజ్ఞలను పంపవలసి వచ్చింది. 1966 జనవరి 17న స్పెయిను దేశంలోని పలోమారెస్ అనే గ్రామం మీద అమెరికా విమానాలు రెండు ఆకాశంలో ఢీకొన్నప్పుడు, వాటిలో ఒకటి మోసుకొనిపోతున్న నాలుగు హైడ్రోజను బాంబులలో ఒకటి మధ్యధరా సముద్రంలో పడిపోయింది. ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామిలో దిగిన మనుషులు దాని జాడ కనిపెట్టారు. ఇంచుమించు 870 మీటర్ల లోతునుండి దానిని ఏప్రిల్ 7వ తేదీన పైకి తెచ్చినది మాత్రం కర్వ్ అనే దూరచాలిత యంత్రం. ఆ యంత్రం బాంబుకున్న పారాచ్యూటులో చిక్కుకొని పోగా, బాంబును, యంత్రాన్ని కలిపి ఒకేసారి పైకి లాగారు. 1973లో ఐర్లండు సమీపాన పైసిస్ అనే జలాంతర్గామి సుమారు 480 మీటర్ల లోతున ఇద్దరు మనుషులతో చిక్కుబడినప్పుడు, వారిని పైకి లాగటానికి త్రాళ్లు తగిలించిన వాటిలో కర్వ్ వంశానికి చెందిన మరొక యంత్రం కూడా ఉన్నది. ఆ ఇద్దరూ బ్రతికి బయటపడ్డారు.

ఈ రెండు సందర్భాలలోనూ యంత్రం లోతులో ఉన్నా, దానిని నడిపేవాడు దానికి సరిగ్గా పైన, ఓడ మీదనే ఉన్నాడు. అతనిని ఓడనుండి దింపి ఒడ్డు చేర్చటమే ఈనాటి విశేషం. అందుకు తోడ్పడినది కృత్రిమ ఉపగ్రహం. నావలోని కెమేరాలు, రాడారు, ధ్వనిమాపకాలు సేకరించిన సమాచారమంతా ఉపగ్రహానికి ఎగసి, అక్కడినుండి తీరకేంద్రంలోని తెరలమీదికి దిగుతుంది. తీరకేంద్రంలో ఇచ్చిన ఆజ్ఞ అదే దారిన నావకు చేరుతుంది. నావ తనతో ఒక రోబోటును తీసుకొనిపోయి, కేబులుతో లోతుకు దింపగలిగితే, ఒడ్డున ఉన్నవాని చేయి ఉపగ్రహందాకా, ఉపగ్రహంనుండి నావదాకా, నావనుండి సముద్రతలందాకా చాచినట్లే.

ఐతే ఇంత పొడవైన చేయి కొంచెం ఆలస్యంగా కదులుతుంది. భూమితో సమానంగా తిరుగుతూ ఒకేచోట నిలిచినట్లు కనిపించే ఉపగ్రహాలు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటవి. ఆజ్ఞ అంత ఎత్తుకు పోయి దిగటానికి, దాని ఫలితం తిరిగి అంత ఎత్తుకు పోయి మనకు కనిపించటానికి, తరంగాలు కాంతివేగంతో పోయినా, ఇంచుమించు అర సెకను పడుతుంది. నావ గంటకు నాలుగు నాటికల్ మైళ్లు పోతున్నదనుకోండి. అర సెకనులో అది ఒక్క మీటరు మాత్రమే జరుగుతుంది. నావకు దీనివల్ల ఇబ్బంది లేదు. కాని రోబోటు తన ఇనుప చేతితో చమురుబావి మీద ఒక మరను బిగించవలసినప్పుడు అర సెకను ఎక్కువే. ఇటీవల కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులోనే తిరిగే ఉపగ్రహాల సమూహాలు రావటంతో ఈ ఆలస్యం చాలావరకు తగ్గింది. అంతేకాక, ఒడ్డున ఉన్నవాడు ప్రతి క్షణమూ చుక్కాని త్రిప్పవలసిన అవసరం లేకుండా చేశారు. పోవలసిన గీతను అతడు నిర్ణయిస్తే, గాలికీ ప్రవాహానికీ తొణకకుండా ఆ గీత వెంట పోవటం నావ తానే చూచుకొంటుంది. సంబంధం తెగిపోతే ఆగాలో, వెనుకకు మరలాలో ముందుగానే దానికి బోధించి ఉంచుతారు. తీరకేంద్రంలోని వ్యక్తి పని బండి తోలటంకంటె, తెలిసిన పనివానికి పని పురమాయించి కనిపెట్టి ఉండటానికి దగ్గరగా ఉంటుంది.

ఈ పద్ధతి ఎందుకు పనికివచ్చిందో తెలుసుకోవటానికి టోంగా కథకంటె మంచి ఉదాహరణ లేదు. టోంగా దక్షిణ పసిఫిక్ మహాసముద్రంలోని ద్వీపరాజ్యం. జనాభా ఇంచుమించు ఒక లక్ష. అక్కడి సముద్రంలో ఉన్న హుంగా టోంగా–హుంగా హాపై అనే అగ్నిపర్వతం 2022 జనవరి 15వ తేదీన ప్రళయభీకరంగా బ్రద్దలైంది. దాని ధ్వని అలాస్కాలో సైతం వినిపించింది. వాయుమండలంలో పుట్టిన ఒత్తిడి తరంగం భూగోళాన్ని చుట్టివచ్చింది. సునామీ లేచింది. టోంగాను ఇతర దేశాలతో కలిపే సముద్రాంతర కేబులు తెగిపోవటంతో, ఆ ప్రజల యోగక్షేమాలు తెలియక విదేశాలలోని వారి బంధువులు రోజులతరబడి తల్లడిల్లిపోయారు.

విస్ఫోటనం చల్లారిన తరువాత తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి మిగిలింది. ఆ పర్వతం ఇప్పుడు ఏ రూపంలో ఉన్నది? అది నిద్రించిందా, లోలోపల కాగుతూనే ఉన్నదా? ఇది కేవలం శాస్త్రజిజ్ఞాస కాదు. దాని పొరుగున కాపురముండే వారికి ప్రాణసమస్య. న్యూజీలండు పరిశోధన నౌక టంగరోవా 2022 ఏప్రిల్, మే నెలలలో అక్కడికి వెళ్లి, పర్వతం చుట్టూ సుమారు 22,000 చదరపు కిలోమీటర్ల సముద్రతలాన్ని కొలిచింది. కాని పర్వత ముఖబిలం మీదికి మనుషులున్న ఓడను తీసుకొనిపోవటం క్షేమం కాదు. 1952 నాటి కైయోమారు అనుభవం ఓడలవారు మరచిపోయేది కాదు.

అట్టి చోటికి మాక్స్‌లైమర్ అనే నావను పంపారు. దాని పొడవు పన్నెండు మీటర్లు. ఇంగ్లండులోని ఎసెక్స్ జిల్లాలో సీకిట్ అనే సంస్థ దానిని నిర్మించింది. 2019లో ఇదే నావ ఉత్తర సముద్రాన్ని దాటి, మెర్సీ ద్వీపపు ఆయిస్టర్లను ఒక పెట్టెలో బెల్జియం తీరానికి చేర్చి వచ్చింది. 2020లో అట్లాంటిక్ మహాసముద్రంలో 22 రోజులు ఉండి, వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా సముద్రతలాన్ని కొలిచి తిరిగి వచ్చింది. ఆ నావను ఓడమీద టోంగాకు చేర్చారు. దానిని నడిపినవారు మాత్రం ఎసెక్స్‌లోని టోల్స్‌బరీ అనే గ్రామంలోనే ఉన్నారు. మధ్య దూరం 16,000 కిలోమీటర్లు. ఆ ఋతువులో రెండు చోట్ల గడియారాలకూ సరిగ్గా పన్నెండు గంటల తేడా. టోంగాలో మిట్టమధ్యాహ్నమైతే టోల్స్‌బరీలో అర్ధరాత్రి. మసక వెలుతురు గదిలో వంతులవారీగా రాత్రింబగళ్లు కూర్చొని, తెరలమీద పసిఫిక్ మహాసముద్రపు ఎండను చూస్తూ, వారు ఆ నావను అగ్నిపర్వత ముఖబిలం మీదికి నడిపారు.

నావ అక్కడ చేసిన పనులు ముఖ్యంగా రెండు. మొదటిది ధ్వనితో లోతు కొలవటం. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. ఈ కాలపు ధ్వనిమాపకం ఒక్క శబ్దాన్ని నిట్టనిలువుగా వదలక, విసనకర్రవలె విప్పారిన అనేక ధ్వనికిరణాలను ఒక్కసారి వదలుతుంది. అందువల్ల నావ పోయిన దారికి ఇరుప్రక్కల విశాలమైన పట్టీ ఒకటి చిత్రించబడుతుంది. రెండవది, కప్పీతో పరికరాలను 300 మీటర్ల లోతువరకు దించి, నీటి స్వభావాన్ని పరీక్షించటం. ఫలితాలు అందరినీ ఆశ్చర్యపరచినవి. విస్ఫోటనానికి పూర్వం 150 మీటర్ల లోతున ఉండిన ముఖబిలపు అడుగు, 850 మీటర్ల లోతుకు కుంగిపోయింది. అక్కడి అడుగును తాకిన శబ్దం పైకి రావటానికి ఒక సెకనుకు పైగా పడుతుంది. పూర్వం అందులో అయిదవవంతు చాలేది. పర్వతం పూర్తిగా నిద్రపోలేదని కూడ నీటి పరీక్షలవల్ల తేలింది. ఇంత సమాచారం సేకరించటంలో ఒక్క మనిషి ప్రాణాన్నైనా ఆ బిలం మీద నిలుపవలసిన అవసరం లేకపోయింది. కైయోమారును పోగొట్టుకున్న జపాను దేశం కూడ ఈ పాఠాన్ని గ్రహించింది. 2015లో నిషినోషిమా అగ్నిద్వీపం సమీపానికి తన ఓడ షోయోనుండి మనుషులు లేని పడవను పంపి కొలతలు తీయించింది.

అగ్నిపర్వతాలు అరుదు. నిత్యజీవితంలో ఈ విద్య ఎక్కువగా ఉపయోగపడేది చమురుబావుల వద్ద, సముద్రంలో నాటిన గాలిమరల వద్ద, కేబుళ్ల దారిలో, రేవుల ముంగిట. నార్వే దేశంలో స్నోర్ బి అనే చమురు వేదిక వద్ద నెలల తరబడి నీటిలోనే కాపురముండే రోబోటును 2018 నాటికి బ్రూనె అనే పట్టణంలోని గదినుండి నడుపుతున్నారు. ఫుగ్రో అనే డచ్చి సంస్థ స్కాట్లండులోని ఆబర్డీన్‌లోను, ఆస్ట్రేలియాలోని పెర్త్‌లోను తీరకేంద్రాలు నెలకొల్పి, తమతోపాటు రోబోటును కూడ తీసుకొనిపోగల పన్నెండు మీటర్ల నావలను నడుపుతున్నది. బ్రిటనులోని ఓషన్ ఇన్ఫినిటీ సంస్థ 78 మీటర్ల పొడవుగల ఓడలనే కొద్దిపాటి సిబ్బందితో నడిపి, మిగిలిన పనిని సౌతాంప్టన్ కేంద్రంనుండి జరిపించే ప్రయత్నంలో ఉన్నది.

దీనివల్ల లాభాలు స్పష్టమే. పెద్ద సర్వేక్షణ నౌక అంటే ఒక చిన్న ఊరు. అందులోని వారికి పడకలు, వంట, మంచినీరు, వైద్యం అన్నీ ఉండాలి. ఆ ఊరినంతటినీ మోసుకొని పోవటానికి కావలసిన చమురులో, పన్నెండు మీటర్ల నావకు స్వల్పభాగం చాలును. వారాలతరబడి భార్యాబిడ్డలను విడిచి అలలమీద ఉండవలసిన ఉద్యోగి, తన వంతు పని ముగించుకొని సాయంత్రానికి ఇల్లు చేరుకోవచ్చును. ఓడ ఎక్కటానికి శరీరం సహకరించనివారు, పసిబిడ్డల తల్లులు కూడ ఈ వృత్తిలో ప్రవేశించటానికి దారి ఏర్పడింది.

ఇంతవరకు చెప్పినదంతా ఒక ప్రక్క. రెండవ ప్రక్క చూడకపోతే విషయం సగమే తెలిసినట్లు. మన వాడుకలో "గట్టున కూర్చొని చెప్పేవాడు" అంటే మంచి అర్థం లేదు. నీటిలో దిగినవాని కష్టం ఎరుగకుండా సలహాలిచ్చేవాడని అర్థం. ఇప్పుడు గట్టున కూర్చున్నవాడే సరంగు ఐనాడు. అతనికి అల తగలదు, గాలి తగలదు, యంత్రం కాలుతున్న వాసన తెలియదు. ఓడ ఊగటంలో ఇసుమంత తేడా వస్తే అరికాలితో గుర్తించే పాత కళాసీల విద్య తెరమీద కనిపించదు. 1972 నాటి అంతర్జాతీయ నియమావళిలోని అయిదవ నియమం ప్రకారం, ప్రతి నౌకలోను కంటితోను చెవితోను నిరంతరం కావలి కాయాలి. కెమేరాను కన్నుగాను, మైకును చెవిగాను పరిగణించవచ్చునా? పట్టపగలు పెద్ద ఓడను గుర్తించే కెమేరా, వేకువజామున దీపం లేకుండా అలలనడుమ దాగిన చేపల తెప్పను గుర్తించగలదా? మన తీరంలో వలలు విడిచి బ్రతికే కుటుంబాలకు ఇది ఊహాప్రశ్న కాదు.

అంతకంటె గంభీరమైన ప్రశ్న మరొకటి ఉన్నది. సముద్రంలో ఆపదలో ఉన్నవారిని, తన ఓడకు గొప్ప ప్రమాదం లేనంతవరకు, ఆదుకోవలసిన విధి ప్రతి నౌకాధిపతికీ ఉన్నదని 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్రశాసనం 98వ అధికరణంలో చెప్పింది. చట్టం పుట్టకముందే ఇది నావికుల ధర్మం. మనిషి లేని నావ ముందు మునిగిపోతున్న మనిషి కనిపిస్తే? ఆ నావకు కన్నులున్నవి, చెవులున్నవి, మాట్లాడటానికి రేడియో ఉన్నది. తాడు విసరి, చేయి పట్టుకొని పైకి లాగటానికి చేతులు లేవు. తీరకేంద్రంలోని వాడు చూస్తాడు. వేల మైళ్ల దూరంనుండి, తెరమీద, ఆ దృశ్యాన్ని చూస్తాడు. అప్పుడతడు చేయగలిగినదేమి? సమీపంలోని ఓడలను పిలవాలి. తీరరక్షక దళానికి తెలపాలి. నావను అక్కడే నిలిపి దీపంవలె గురుతుగా ఉంచాలి. మునిగేవాడు పట్టుకొని వ్రేలాడటానికి నావ ప్రక్కన ఒక తాడైనా, ఒక మెట్టైనా ఉండాలని, ఇంజను తక్షణం ఆగాలని, నావ నిర్మించేటప్పుడే ఆలోచించాలి. చేతులు లేవుగదా అని విధి రద్దు కాదు. అంతర్జాతీయ నౌకాసంస్థ ఉన్న నియమాలను ఇట్టి నావలకు ఎట్లా అన్వయించాలన్న పరిశీలనను 2021లో ముగించి, తరువాత ప్రత్యేక నియమావళి నిర్మాణానికి పూనుకొన్నది. నావికుడు ఓడలో లేకపోయినా, నౌకాధిపతి అనే బాధ్యుడు ఎక్కడో ఒకచోట ఉండి తీరాలన్నది ఈ చర్చలలో ప్రధానాంశం.

మన దేశానికి ఈ విషయంతో సంబంధం దూరపుది కాదు. ప్రపంచపు ఓడలలో పనిచేసేవారిలో భారతీయులు గణనీయమైన సంఖ్యలో ఉన్నారు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థకు చెందిన రోసబ్ అనే దూరచాలిత యంత్రం 2010లో హిందూ మహాసముద్రంలో 5,289 మీటర్ల లోతుకు దిగి వచ్చింది. దానిని నడిపినవారు ఓడమీద ఉన్నారు. ఇక సముద్రపు సమాచారాన్ని సముద్రానికి దూరంగా కూర్చొని గ్రహించటం మనకు కొత్త కాదు. సముద్రమే లేని హైదరాబాదు నగరంలోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం 2007నుండి సునామీ హెచ్చరికల బాధ్యతను నిర్వహిస్తున్నది. నడిసముద్రంలోని పరికరాలు ఉపగ్రహంద్వారా పంపే కబురు ముందు అక్కడికి చేరుతుంది. విశాఖపట్నంలో నౌకావిద్య నేర్చుకొనే యువకుడు రేపు ఓడ ఎక్కవచ్చును, లేదా ఇట్టి గదిలో కూర్చోవచ్చును. కాని గదిలో కూర్చోబోయేవాడు కూడ మొదట కొన్ని సంవత్సరాలు ఓడలో ఉప్పుగాలి పీల్చి రావటం మంచిది. తెరమీద కదలే గీత వెనుక ఎంత పెద్ద అల ఉన్నదో అతనికి తెలియాలి.

చేయవలసిన పని ఎంతో మిగిలి ఉన్నది. 2025 జూన్ నాటికి ప్రపంచ సముద్రతలంలో 27.3 శాతం మాత్రమే ఆధునిక పద్ధతులతో చిత్రించబడింది. మిగిలిన భాగమంతా కొలవటానికి మనుషులున్న ఓడలే పోవాలంటే తరాలు గడచిపోతవి. మనిషి లేని నావలు పోక తప్పదు, పోవలెను కూడ. కైయోమారు వంటి ఓడలో మరి 31 మంది బలి కాకుండా ఉండటానికి అదే మార్గం. ఐతే ప్రమాదంనుండి మనిషిని ఎంత దూరం తప్పించినా, బాధ్యతనుండి అంత దూరం తప్పించరాదు. సముద్రంలో నావికుడు ఏ ధర్మాన్ని పాటించాడో, గట్టుమీద చుక్కాని పట్టినవాడు కూడ ఆ ధర్మాన్నే పాటించాలి. అట్లా పాటించేటట్లు చట్టాలను, నావలను, మనుషులను తీర్చిదిద్దుకొన్ననాడు, దిగకుండానే లోతు తెలుసుకొనే విద్య మనకు సంపూర్ణంగా అబ్బినట్లు.